అరవై మూడో ఫ్రేము

పగలు సిరొంచ దవాఖానలో
జనం బొక్కల ఫొటోలు తీస్తాను.
"ఊపిరి బిగపట్టు, కదలకు" అంటే
పత్తి చేన్ల ఆడవాళ్ళు, సైకిల్ మీంచి పడ్డ పిల్లలు
కాసేపు బొమ్మలవుతారు.
రాత్రి ఆ మాట నాకే చెప్పుకుంటాను.

ప్రాణహిత ఇసుకలో మూడుకాళ్ళ స్టాండు.
ఒక్కో కాలి కింద ఒక్కో పలకరాయి,
లేకుంటే ఇసుక మెల్లగా కూర్చుంటుంది,
చుక్కలు తోకలు సాగి వస్తాయి.
లెన్సుకు మంచు పట్టకుండా
మా చిన్నదాని ఊలు మేజోడు.
దాని కొస కత్తిరించినందుకు
ఇంట్లో మూడు రోజులుగా మాటల్లేవు.

కెమెరా, అహేరిలో పెండ్లిళ్ళు తీసి తీసి
విసిగిపోయినాయన దగ్గర కొన్నది.
కార్డులో ఒక్క ఫొటో మరిచిపోయిండు:
ఎవరిదో పెండ్లి,
గాల్లోనే ఆగిపోయిన తలంబ్రాలు.
చెరపబుద్ధి కాలేదు.

దక్షిణం పనికిరాదు.
బరాజ్ దీపాలకు ఆ దిక్కంతా
పాలు మాడిన గిన్నె అడుగులా పసుపెక్కింది.
అందుకే నడినెత్తికేసి చూస్తాను.
బీడీ లేదు, ఫోన్ తెరిచేది లేదు.
కండ్లకు చీకటి అలవాటు కావాలంటే అరగంట,
పోవాలంటే ఒక్క అగ్గిపుల్ల.

గొర్రుకొయ్యల కింద
జడ్డిగంలోంచి విత్తనం ఒలికినట్టు
ఒక మసక.
కంటికది ఉత్త అనుమానం.
ఆరు సెకన్లు, మళ్ళా ఆరు సెకన్లు,
నూట ఎనభై సార్లు అడిగితే
ఒప్పుకుంటుంది.

అరవై దాటిందో లేదో
మొహం మీద టార్చి.
"కోణ్ ఆహె రే?"

ఆరుగురు. గస్తీ.
ఈ జిల్లాలో, అర్ధరాత్రి, ఏటి ఒడ్డున,
గుడ్డ చుట్టి పైకెత్తి పెట్టిన గొట్టం
వాళ్ళకు ఏమనిపించాలో అదే అనిపించింది.
చేతులు పైకెత్తాను.
కెమెరా మాత్రం ఆగలేదు,
టక్, టక్,
దాని పని దానిది.

"మన ఎక్స్‌రే సార్," అన్నాడొకడు తెలుగులోకి దిగి.
మడావి.
పేరు కంటే ముందు నాకు
పోయిన వానకాలం విరిగిన
ఎడమ జబ్బ పైబొక్క గుర్తొచ్చింది.

తెర మీద మసక చూపించాను.
బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.
ఈశాన్యాన అప్పుడే లేస్తున్న
మంచంకోళ్ళ వైపు గడ్డం ఎత్తాడు.
"మీకూ మంచమేనా అది?
మా అమ్మ చెప్పేది, ముసలవ్వ మంచమని.
వెనక మూడు చుక్కలు లేవా, దొంగలు.
ఆమెకెప్పుడు కునుకు పడితే
అప్పుడు ఎత్తుకపోదామని."

"చలా," అన్నాడు హవల్దారు.

"పండదు సార్ ఆమె," అని
తుపాకీ పట్టీ కుడి భుజానికి మార్చుకుని
వాళ్ళ వెంట పోయాడు.
ఇసుకలో బూట్లు చప్పుడు చేయవు.

తెల్లారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
ఫొటో మీద ఫొటో పేర్చే పనిలో
దయలేని లెక్క ఒకటుంది.
అన్నింట్లో ఉన్నదే ఉన్నట్టు.
ఒక్కదాంట్లోనే కనబడ్డది ఏదైనా,
విమానమో, మిణుగురో, మనిషి చేతి దీపమో,
పొరపాటని తుడిచేస్తుంది.

మసక వచ్చింది.
గులాబీ అంచు,
లోపల పొదుగు మీదున్న కోడిలా వెలుగు.
చూసినోళ్ళంతా బాగుందన్నారు.
ఆ రాత్రి అక్కడికి
ఎవరైనా వచ్చారని ఎవరూ అడగలేదు.

అరవై మూడో ఫ్రేమును విడిగా తీసిపెట్టాను.
దాంట్లో చుక్కలు లేనట్టే.
అడ్డంగా టార్చి గీసిన తెల్లని వాత.
కింది మూలన
పైకెత్తిన నా వేళ్ళు,
కదిలిపోయి.

ఆ తలంబ్రాల పక్కనే ఉంది,
అదే కార్డులో.