కాల్ బుక్కు

ఉద్యోగంలో నా పేరు కాల్ బాయ్.
మీసం తెల్లబడినా బాయ్‌నే,
మనవరాలికి చెవులు కుట్టించిన నాడూ బాయ్‌నే.
బిట్రగుంట రైలుపేటలో
ఏ డ్రైవరు ఎన్ని పిలుపులకు లేస్తాడో
వాళ్ల పెళ్లాల కంటే నాకే బాగా తెలుసు.

శామ్యూలు గారికి సైకిల్ బెల్లు ఒక్కసారి చాలు.
ఫైర్‌మన్ ఖాజావలీకి
కిటికీలోంచి చెంబెడు నీళ్లు. పోయమనేది వాళ్లమ్మే.
గార్డు వరదాచారి మాత్రం
ముందే మేలుకోని చీకట్లో కూచోనుండేవాడు.
మూడోసారి పిలిచిందాకా పలికేవాడు కాదు.
ఎందుకో నేనూ అడగలా.

తలుపు తెరిస్తే లాంతరు ఎత్తిపట్టేవాణ్ణి.
బుక్కులో టైము, టైము పక్కన సంతకం.
నిద్రకళ్లతో పెట్టిన సంతకాలు
సిరాలో పడి లేచిన చీమ నడిచినట్టుండేవి.

తర్వాత సెల్లులొచ్చినాయి.
నన్ను బీరువా కాడ కుర్చీలో కూర్చోబెట్టినారు.
ఆరేళ్లు దానికి కాపలా.
ఆఖరి రోజు శాలువా కప్పి
గోడగడియారం చేతిలో పెట్టి
"ఇంక హాయిగా నిద్రపో మాలకొండయ్యా" అన్నారు.

నిద్రంట.
నలభయ్యేళ్లు ఊరందరి కాడా లాక్కున్న సొమ్ము,
నాకు మాత్రం ఎట్టా దక్కుద్ది?
రెండు గంటలకల్లా మంచం మీద లేచి కూచుంటే
బంగారమ్మ గోడవైపు తిరిగే
"ఎవురూ పిలవలా, పండుకో" అనేది.
అదే గదా నా బాధ.

ఒకనాటి రాత్రి పాత క్వార్టర్ల వైపు పోయినా.
తలుపుల్లేవు. కిటికీ ఊచల్లేవు.
వంటిళ్లలో చిల్లచెట్లు మొలిచి
పొగగొట్టం దాటి చూస్తుండాయి.
శామ్యూలు గారి వాకిట్లో నిలబడి
అలవాటు కొద్దీ "సారో" అన్నా.
లోపల్నించి కుక్క లేచొచ్చింది,
నా మొహం చూసి
సంతకం పెట్టకుండానే పోయింది.

ఆ మర్రోజే అనుకుంటా,
ఆకుకూరల చెంచమ్మ మా గడపలో కూలబడింది.
బిడ్డకు జరమొచ్చి రాత్రంతా మేలుకోని
తెల్లవారుజామున కునుకు పట్టి
నెల్లూరు పాసింజరు పోగొట్టుకుందంట.
తడిగోనెలో గోంగూర వేడెక్కి వాసనేస్తుంది.
"నాలుగ్గొట్టకముందే ఒక కేక వేస్తావా మామా?"
"సెల్లులో కోడి కూస్తది గదా?"
"కోడైతే గొంతు నొక్కేసి పండుకుంటా.
మనిషొస్తే నొక్కలేను గదా!"

నవ్వొచ్చింది. ట్రంకుపెట్టె తీసినా.
అడుగున రాయని బుక్కొకటి ఉండాది.

చెంచమ్మ తర్వాత
రొయ్యలగుంటల కాడి పిలగాడు ఏడుకొండలు.
రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు నిలిచిపోతే
నీళ్లలో గాలి చాలక
తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి,
పిలగాడి జీతమూ తేలద్ది.
వాడి నిద్రేమో పద్దెనిమిదేళ్ల నిద్ర.
వీధి దీపాలు ఆరినాయంటే చాలు
టార్చి పట్టుకోని కట్టమీదికి పరిగెత్తేది నేను.
జనరేటరు దడదడా అందుకుంటే
చీకట్లో నీళ్లు నురగలు కక్కుతాయి.
వాడు సంతకంలో 'ఏడు' అంకె వేసి
పక్కన మూడు కొండలు గీస్తాడు.
"తక్కిన నాలుగూ ఏవిరా?"
"నిద్దరొస్తంది తాతా."

ఈ పనికి డబ్బుల్లేవు.
అప్పుడప్పుడూ ఒక తోటకూర కట్ట,
దోసిలి నిండా రొయ్యలు.
బంగారమ్మ పొట్టు తీస్తా గొణుగుద్ది,
కూర మాత్రం చింతచిగురేసి చేస్తది.

మొన్న కార్తీకం చలిలో
ఏమైందో నాకే నిద్ర పట్టేసింది.
ఎన్నేళ్లకో, బావిలో రాయి పడ్డట్టు.
తలుపు దబదబా మోగింది.
"మామా, లే! నాలుగు కావస్తంది!"
వాకిట్లో చెంచమ్మ, నెత్తిన గోనె.

నాకు ఏ బండీ లేదు, ఏ డ్యూటీ లేదు.
అయినా బుక్కు తెచ్చి
ఆమె చేతే టైము వేయించి
పక్క గడిలో సంతకం పెట్టినా.
ఇన్నేళ్లలో ఆ గడిలో నా పేరు
అదే మొదలు.
వంకరగా వచ్చింది,
చీమ నడిచినట్టు.

"ఇప్పుడు యాడికి పోతావు?" అంది చెంచమ్మ.
ఏమో.
ఆమె చేతిసంచి అందుకోని
స్టేషన్ వైపు నడిచినా.