నాలుగో మడి

గ్రాండ్ పోపోలో నేలంటే ఇసుకే.
ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుమడుగు,
నడుమ పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయే చోట
హుయేఫా నలభై ఏళ్లుగా తోటకూర పండిస్తోంది.

మా సంస్థ ఆమె దగ్గర నాలుగు మడులు తీసుకుంది.
మొదటిదానికి కోళ్లపెంట.
రెండోదానికి యూరియా.
మూడోదానికి సగం అది, సగం ఇది.
నాలుగోదానికి
బావినీళ్లూ ఎండా, అంతే.

"ఇదేం తప్పు చేసింది?" అంది.
పోల్చి చూడ్డానికి, అన్నాను.
పోలిక కోసం ఒకరిని పస్తుంచడం
ఆమెకు అర్థం కాలేదు.
నాకు అర్థమైందనే అనుకున్నాను.

యూరియా మడి పన్నెండో రోజుకే
నల్లగా కనిపించేంత పచ్చబడింది.
పెంట మడి నిద్రమత్తు పిల్లలా
మూడోవారం దాకా ముసుగు తియ్యలేదు.
నాలుగోదాని ఆకు
చెవిపోగంత.

మొదటి కోత రోజు కొబ్బరికొమ్మకి కాటా వేలాడదీశాను.
పెంట తొమ్మిది కిలోలు, యూరియా పదకొండు,
కలిపి వేసింది పన్నెండు దాటి ముల్లు వణికింది.
నాలుగోది రెండు కూడా తూగలేదు.
హుయేఫా ఆ చిన్న కట్టని
తడిగుడ్డలో విడిగా చుట్టింది.

కొతోనూలో మా ఓవెన్ రెండు రోజులు వెలిగింది.
బరువుగా వచ్చిన ఆకులు నీళ్లొదిలి
గలగలమనే కాగితాలయ్యాయి.
యూరియా కట్టలో నీటిపాలు ఎక్కువ, నైట్రేటూ ఎక్కువే.
పెంట కట్టలో విటమిన్ సి ఓ పిసరు మెరుగు.
ఇనుము మాత్రం, గ్రాముకి గ్రాము చూస్తే,
ఆ పస్తున్న మడిదే పైచేయి.

ఈ వింత చెప్పాలని
మోటారుబండెక్కి పరుగున వెళ్లాను.
ఆమె బిందె దించకుండానే విని
"ఆ గ్రాముని ఎంతమంది పంచుకోవాలి?" అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సంతలో ఆకు చూస్తారు, ఇనుము చూడరు.
పెద్ద ఆకైతే కట్టకి యాభై ఫ్రాంకులు,
చెవిపోగులైతే మేకలకి.
పెంట ఇసుకకి గంజి, నెమ్మదిగా ఒంటబడుతుంది.
యూరియా సొదాబీ సారా, పడగానే గంతులేయిస్తుంది,
తెల్లారి మళ్లీ గ్లాసు చాపిస్తుంది.
వాన గట్టిగా పడిందా, సగం నా బావిలోకే.
అయినా పెంట బస్తాకి ఈ ఏడు ఎంతో తెలుసా?
నా చేతిలో డబ్బున్న నెల ఒకలా, లేని నెల ఒకలా.
నీ మూడో మడి చాలాకాలంగా
నా మడే అబ్బాయీ."

రెండో కోత.
పెంట పది, యూరియా తొమ్మిదిన్నర,
కలిపింది పదమూడు.
నాలుగోది ఐదు.

కాటా విప్పి మళ్లీ కట్టాను. ఐదే.
చెవిపోగులేవీ లేవు, అరచేతులున్నాయి.
మొదళ్ల దగ్గర గీకితే ఈక ఒకటి తేలింది.
తెల్లది, కోడిది.

హుయేఫా సముద్రం వైపు చూస్తోంది.
"రాత్రంతా హోరు, నిద్ర పట్టలేదు.
మూడు తింటుంటే ఒకటి చూస్తూ కూర్చుంది.
ఒక్క బుట్టే వేశాను."

ఫోనులో మా పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఆ వరస కొట్టెయ్యమన్నాడు.
రెండు నెలల పని మీద
ఎర్రగీత పడ్డానికి క్షణం పట్టలేదు.

ఆ ఐదు కిలోలు ఇక లెక్కలోవి కావు గనక
నాకో కట్ట కట్టిచ్చింది.
మా అమ్మ పామాయిల్లో ఎండురొయ్యలేసి వండింది.
ఏ మడిది, అని అడగలేదు,
ఇంకాస్త ఉందా అని అడిగింది.

నివేదిక ఈ సోమవారానికల్లా పంపాలి.
మడి ఎందుకు చెడిందో టిక్కు పెట్టమని గళ్లున్నాయి:
వరద, పురుగు, దొంగతనం, పశువులు.
కింద స్కేలు పెట్టి ఐదోది నేనే గీశాను.
మూడు రోజులుగా అది ఖాళీగానే ఉంది,
పెన్ను మూత తీసే ఉంది.