పోటు, ఆటు

నల్లపూసంత తెల్ల బిళ్ల.
అరసేతిలో ఎట్టుకుంటే రొయ్యపొట్టంత బరువైనా లేదు.
దీని పేరు నా నోరు తిరగడానికి మూడు దినాలు పట్టింది.
అమ్... లో... డిపిన్.
మనవరాలు గున్నమ్మ పడీ పడీ నవ్వింది.

నాను గరికిన కాసులమ్మని.
పెదజాలారిపేట ఇసకలో
నలపై యేళ్లుగా ఉప్పుతోనే కాపరం.
కవళ్లు, కానాగంతలు
పొట్ట సీల్చి, పేగు తీసి, ఉప్పు కూరి
ఎండకి పరిసినాను.
ఉప్పు తక్కువైతే సేప పురుగెడతాదని
మాయమ్మ సెప్పింది.
ఎక్కువైతే మనిసికేటవుతాదో
ఆయమ్మకీ తెల్దు.

సత్యవేణి నర్సమ్మ సేతికి పట్టీ సుట్టి
గాలి కొట్టి, గాలి ఒదిలి,
ఆ గాజుబిళ్ల కేసి సూసి ఊరుకుంది.
నూట డెబ్బై ఎనిమిది.
నెత్తి నొప్పుందా? లేదు.
కళ్లు తిరగతన్నాయా? లేదు.
"అదే దీని దొంగబుద్ది మామ్మా,
తుపానైతే కబురెట్టి వస్తాది.
ఇది కబురెట్టదు."

రక్తపోటు అని సీటీ మీద రాసింది.
పోటంటే నాకు తెల్దా?
పున్నానికీ అమాసకీ గడప దాకా వచ్చి
బుట్టలెత్తుకుపోయేది పోటే కదా.
కానీ ఆ పోటెనకాల ఆటు తనంతట తానే వస్తాది.
ఈ పోటుకి రోజూ ఒక బిళ్ల
ఎల్లి ఆటుని పిలుసుకు రావాల.
పిలిసిన పూటే రాదు,
వారం, పది దినాలు, మెల్లంగా.

మూడో వారానికి కాల్లు వాసినాయి.
మట్టెలు కరిసినాయి.
బొటనేలితో నొక్కితే
పీత దూరిన తడి ఇసకలాగ గుంట.
ఇదేటి మందో, ఇసమో అనుకుని
అట్టముక్క సూరులో దోపేసినాను.
ఎవలికీ సెప్పలేదు.
తొమ్మిది దినాలు హాయిగా తొంగున్నాను.

పదో దినాన
ఐసు బళ్లు తోలే అసిరప్పకి మూతి వంకరైంది.
కేజీహెచ్ మంచం మీద
నా పేరు పలకబోయి పలకలేకపోనాడు.
ఇంటికొచ్చి సూరులో సెయ్యెట్టినాను.
పోయిన దినాల బాకీ తీరుద్దామని
రెండు బిళ్లలు ఒక్కపాలే.

తెల్లారి హార్బరు వేలంపాటలో
గంప ఎత్తుకుని లేసినాను.
సముద్రం నల్లబడింది.
లేసేసరికి నా మీద నాలుగు కేజీల సొరసేప,
సుట్టూ జనం.

సత్యవేణి తిట్టలేదు. తిడితే బాగున్ను.
"కాల్లు వాస్తే నాకు సెప్పాల మామ్మా,
బిళ్ల మీద అలిగితే ఏటొస్తాది?"
మోకాలి నొప్పికి కొట్లో అడిగి మింగే బిళ్ల కూడా
పోటుని ఎగదోస్తాదంట.
ఆ సంగతీ అప్పుడే బయటడింది.
డాట్టరుబాబు దీన్ని సగం సేసి
ఇంకొకటి జతిచ్చినాడు.
వాపు దిగింది. మట్టెలు ఒదులైనాయి.

రేత్రి మెట్ల మీద కూకుని సూస్తాను.
డాల్ఫిన్ నోసు కొండ మీద దీపం
తిరిగి, తిరిగి, తిరిగి.
నిన్న మబ్బు కమ్మిందని
ఇయ్యాల రెండింతలు ఎలగదు.
దాని ఎలుగు దానిదే.
ఆ దీపం ఎలిగే ఏళకే నాను బిళ్లేసుకుంటాను.
మంచం మీంచి ఒక్కుదుటన లేవను.
కాల్లు కిందెట్టి, కాసేపాగి, అప్పుడు.

పక్కింటి బండమ్మ మొన్న అడిగింది,
"నాకూ నెత్తి దిమ్ముగుంది, ఒకటియ్యవే."
ఎండు సేప అడిగితే ఇస్తాను.
ఇది ఇయ్యను. కొలిపించుకో ఫో అన్నాను.
మూతి తిప్పుకుని ఎల్లింది,
బేస్తవారం ఆసుపత్రి వరసలో నా ముందే ఉంది.

ఇప్పటికీ సేపలకి ఉప్పు నానే కూరతన్నాను.
కూడులోకి మాత్రం పచ్చిసేపే,
సింతపండెక్కువ, ఉప్పు సిటికెడు.
మొదట్లో గడ్డి తిన్నట్టుండేది.
ఇప్పుడూ అంతే గానీ, అలవాటైంది.

నిన్న నూట ముప్పై ఎనిమిది.
"ఇంకో ఎనిమిది తగ్గించవే నర్సమ్మా,
పొద్దుటి బేరం" అన్నాను.
పట్టీ ఇప్పతా నవ్వింది సత్యవేణి.