ఆరున్నర

నైరీ టల్లక్ మంగళవారం మళ్లీ వచ్చింది.
బురద బూట్లు గుమ్మం బయటే విడిచి,
చేతిలో మందు కూరని మూడు తూటాలతో.
లేతు ఆపాను.
ఉక్కు రజను నూనెలో మెల్లగా అడుక్కి దిగుతోంది.

"వీటిల్లో ఒకటి చెప్పు" అంది.
నేను గొట్టాలు తొలిచేవాణ్ణి.
ఏది చెప్పినా నాది ఒక గొట్టం అమ్ముడుపోతుంది,
అందుకే ఏదీ చెప్పలేదు.
టీ పెట్టాను.

బల్ల మీద నిలబెట్టింది వాటిని,
ఎత్తు వరసన కాదు, పరిచయం వరసన.
మొదటిది మూడువందల ఎనిమిది.
దానితో ముప్పయ్యొక్క ఏళ్ల కాపురం.
అలకలన్నీ తెలుసు.
వెయ్యి గజాలు వెళ్లేసరికి
గాలి మాట వింటుంది, మన మాట కాదు.

రెండోది రెండువందల ఎనభైనాలుగు.
పొడుగు గుండు, సన్న ముక్కు,
గాలిని కోసుకుంటూ పోతుంది, తిరిగి చూడదు.
కానీ తన్నుతుంది.
నైరీ కుడి భుజంలో రెండు మరలున్నాయి,
నేను బిగించినవి కావు,
డునీడిన్ ఆసుపత్రిలో బిగించినవి.
ఆమె వంటింటి బల్ల మీద ఇప్పుడు రెండు రకాల మందు:
ఒకటి తూటాకి, ఒకటి తనకి.

మూడోది ఆరున్నర.
చిన్నది, మర్యాదస్తురాలు.
ఈమధ్య కుర్రాళ్లందరి పెట్టెల్లోనూ అదే.
"అందుకే నాకిష్టం లేదు" అంది నైరీ,
అంటూనే దాన్ని చేతిలోకి తీసుకుంది.

ఆమె ఉన్ని ఎంచే మనిషి.
నలభై ఏళ్లు గొర్రెల షెడ్లలో
పాయ పాయా వేళ్ల మధ్య బిగలాగి
చెవి దగ్గర చిటుక్కుమనిపించి
ఏది ఏ తొట్టిలో పడాలో తేల్చింది.
ఇత్తడి తొడుగునీ అలాగే చెవి దగ్గర పెట్టుకుంది.
అది ఏమీ అనలేదు.
"గ్రెయినంటే గింజేగా" అంది,
"నూట నలభై గింజల గుండు!
మా కోళ్లు పొద్దున్నే తినేస్తాయి."

మా రేంజి దక్షిణానికి మొహం పెట్టి ఉంటుంది.
వాయవ్యపు గాలి కొండ దిగిందా,
మొదటి జెండా లేస్తుంది,
నడిమిది పడుకునే ఉంటుంది,
చివరిది ఇంకో వైపు చూపిస్తుంది.
ముగ్గురు సాక్షులు, మూడు సాక్ష్యాలు.
అప్పుడు జెండాల్ని వదిలేసి
దుర్భిణిలో ఎండమావిని చూస్తాం,
గడ్డి మీద అది ఏ పక్కకి పారుతోందో.
లోకమంతా నమ్మొద్దనే ఎండమావిని
నమ్మి బతికేవాళ్లం మేం.

"గొట్టం ఎన్నాళ్లొస్తుంది?"
అది మాత్రం చెప్పగలను.
మూడువందల ఎనిమిదికి ఐదువేల దెబ్బలు.
ఎనభైనాలుగుకి రెండువేలు దాటితే అదృష్టం.
ఆరున్నరకి రెండున్నర వేలు,
ఆ తర్వాత నిప్పు గొంతులో తినేస్తుంది,
లోపలంతా వేసవి నేలలా బీటలు.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది.
శనివారానికి నలభై.
చలికాలం తీసేస్తే ఏడాదికి పద్దెనిమిది శనివారాలు.
మోకాళ్లు ఒప్పుకుంటే ఇంకో ఏడేళ్లు
బోర్లా పడుకుని లేవగలదు.
టీ చల్లారింది.
"అంటే ఐదువేలు" అంది,
"పాతదాని గొట్టమూ నేనూ ఒకే రోజు అయిపోతాం."
కాసేపు కిటికీలోంచి ట్రాక్టరు వంక చూసింది.
"అంత కచ్చితమైన లెక్క నాకు నచ్చలేదోయ్.
ఆరున్నరే తొలువు.
మూడేళ్లకి అరిగిపోతుంది,
మళ్లీ నీ గుమ్మం ఎక్కాలి."

ఫిబ్రవరిలో మొదటి దెబ్బ.
గోతిలో ఇహాయా గురిపలక పట్టుకుని ఉన్నాడు.
నేను పక్కన చాప మీద, ఊపిరి బిగబట్టి,
నాది కాని తుపాకీకి.
గుండు ఒకటిన్నర సెకను గాలిలో ఉంది.
అంతసేపూ తప్పు ఎవరిదీ కాదు.

పలక దిగింది, లేచింది.
నారింజ రంగు బిళ్ల ఎడమ పక్కన, బాగా బయట.
కుర్రాళ్లెవరో దగ్గారు.
ఆమె తూటానీ తిట్టలేదు, నన్నూ చూడలేదు.
నోటుబుక్కు తీసి, పెన్సిలు తడి చేసుకుని రాసింది:

ఆరున్నర. మొదటిది. మూడు మార్కులు.
గాలిని తక్కువ ఎంచాను.
మిగిలినవి రెండువేల నాలుగువందల తొంభైతొమ్మిది.