చేతుల్లేని గౌను

లాలాగూడ సర్వర్ సాబ్ కుట్టిన
నీలం పినోఫోర్‌కి చేతుల్లేవు.
చేతులు లోపలి చొక్కావి.

ఆ చొక్కాకేమో
చేతులూ కాలరూ తప్ప ఇంకేం లేవు.
నడుమంతా నాన్న వర్క్‌షాప్ బనీను,
గ్రీజు మరకలతో సహా.
అమ్మ ఇస్త్రీ కనపడే మేరకే.

ఒంటిపూట బడి ఎండలో
మెట్టుగూడ బస్సెక్కి శాంభవి అంది:
"ఉడకవోస్తుంది, పైది ఇప్పెయ్."
"సలి పెడ్తుంది" అన్నా,
చెమటలు కారుతుండగా.

జూన్ జూన్‌కీ సర్వర్ సాబ్ అంచు దించేవాడు.
పాత మడత చోట
ఎండ చూడని ముదురు గీత.
ఆరో తరగతికి మూడు.
అడిగినోళ్లకు డిజైన్ అని చెప్పా.

నిన్న అబిడ్స్‌లో
నా బిడ్డ అట్లాంటిదే ఏరుకుంది.
లోపలేం వేసుకుంటావే అంటే
"ఏదో ఒకటి, కనపడదుగా!"

బిల్లు కట్టడానికి
కాసేపు పట్టింది నాకు.