చార్జి అప్పజెప్పుడు

భూమేషూ, కుర్చీ జర ఎడమకు ఒరుగుతది, పైలం.
ఏసీ నీళ్లు కీబోర్డు మీద పడకుండ
ఆయిల్ డబ్బా కోసి పెట్టిన, రాత్రి పారబొయ్యి.
షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల
పాత లారీల గేర్‌బాక్సులమ్మే ఈ దుకాణానికి
మూడువేల రెండొందల పేజీలున్నయి.
ఇగ అవి నీయి.

అర్బాబ్ పొద్దుగాల వచ్చి ఒకటే అడుగుతడు:
"గూగుల్ మనల్ని చూసిందా?"
చూసింది అను. అబద్ధం గాదు.
రాత్రి మూడింటికి వస్తది, చాయ్ తాగదు,
లాగ్‌ల ఒక గీత గీసి పోతది.

సైట్‌మ్యాప్ అంటే క్యాంపుల హాజరు పట్టీ.
బతికున్న పేజీలనే రాయి.
మారని పేజీకి ఇయ్యాల్టి తారీకు ఎయ్యకు,
రెండుసార్లు నమ్ముతది, మూడోసారి
నీ తారీకులే చూడదు.
అమ్ముడుపోయిన సామాను పేజీని ఖాళీగ ఉంచి
ఉన్నట్టు నటించకు. లేదు అని చెప్పు.
లేదంటే దానికేం కోపం రాదు,
కోపమొచ్చేది అర్బాబ్‌కే.

ఫీడ్‌ల ఇరవై కబుర్లు చాలు.
ఒక్కోదానికి ఒక గుర్తు, పెట్టినంక మార్చకు.
మారిస్తే పాత ఆల్టర్నేటరే కొత్త పెండ్లికొడుకై
అందరి ముంగట మల్ల కూసుంటది.
గంట పక్కన ప్లస్ నాలుగు రాయి, ఇక్కడి టైము.
లింకు పూర్తి అడ్రసుతోని ఉండాలె,
"మా ఇంటెనుక" అంటే కొత్తోడికి ఏం దెలుస్తది?
ఓపారి కంపెనీ పేరుల అండ్ గుర్తొక్కటి తప్పు రాసిన,
తొమ్మిది రోజులు ఫీడంతా
గొంతుల ముల్లు ఇరికినట్టు ఆగింది.

ఇంకోటి చెప్పాలె, నవ్వకు.
మొదటి మూడు నెలలు ఒక్క పేజీ ఎక్కలే.
అర్బాబ్ నన్ను తిట్టిండు, నేను గూగుల్‌ను తిట్టిన,
రోజుకు పదిసార్లు ఎక్కించుమని మొరపెట్టుకున్న.
చూస్తే, కట్టేటప్పుడు నేనే రాసుకున్న నోఇండెక్స్
ప్రతి పేజీ నెత్తి మీద అట్లనే ఉంది.

అది విని నవ్వని మనిషి ఓదెలు ఒక్కడే.
ఇంజన్లు విప్పే ఓదెలు. ఖల్లివల్లి.
పాస్‌పోర్టు పాత కఫీల్ దగ్గర, మనిషి మన షెడ్డుల.
"గా ముక్క మనిషికి రాసుకోవచ్చా తమ్మీ?" అన్నడు
చేతుల గ్రీజు గుడ్డతోని తుడుసుకుంట.
పోలీసు బండి సప్పుడైతే షట్టర్ దించుడే ఆయన ఉపాయం.
నేను చెప్పిన: గేటు మూస్తే
లోపల అంటించిన చీటీ ఎవ్వడు చదువుతడన్నా?
బయట ఎవడో నీ పేరెత్తిండంటే
ఆ పేరు మాత్రం ఎక్కనే ఎక్కుతది.

ఆమ్నెస్టీ పడ్డనాడు ఆయనే షట్టర్ లేపిండు.
లైన్ల ఆరు గంటలు. కంప్యూటర్ల దొరకలే.
పాస్‌పోర్టుల ఓదెలు, వీసాల వోడెలు,
పాత బతాకాల ఓడ్యాలు.
మూడు అడ్రసులు, ఒకటే మనిషి.
ఏది అసలుదని అడిగితే
తండ్రి పేరు చెప్పిండట, ఊరి పేరు చెప్పిండట,
పదకొండేండ్లల మొదటిసారి, గట్టిగ.

మన పేజీలకూ గంతే. ఒకటే గేర్‌బాక్సు
ఆరు అడ్రసుల మీదుంటె, అసలుదేదో నువ్వే రాయి.
రాయకపోతే వాళ్లకు నచ్చింది వాళ్లు పట్టుకుంటరు.

పాస్‌వర్డులు సొరుగుల ఉన్నయి, స్క్రూల డబ్బా కింద.
నాలుగొందల పదిహేడో పేజీ ఓపారి చూడు:
ఎన్నడో అమ్ముడుపోయిన గేర్‌బాక్సు,
ఫొటోల ఒక పక్కకు ఓదెలు చెయ్యి పడ్డది,
బొటనవేలి గోరు నల్లగ.
నేను చెప్పిన లెక్కకైతే అది తీసెయ్యాలె.
తియ్యకు.
గేటు తెరిచే ఉంచి, నెత్తిన నోఇండెక్స్ రాసిన.
రాత్రి మూడింటికి వస్తది, చదువుతది,
ఎవ్వరికి చెప్పకుండ పోతది.