సగం పాలు

నూరీకి పదకొండేండ్లు.
నా మోకాలు చెడి రెండేండ్లు.
ఆదోని మార్కెట్ గేటు కాడ, ఆటోల నడుమ
ఒక్కన్నే దాన్ని నిలబెట్టుకోలేక
సగం పాలుకు మనిషిని వెతికినా.

పండ్లు చూసినోళ్లు చూసిపోయిరి.
పెండ్లిండ్ల నెలలో ఎంతొస్తాదని
వేళ్లమీద లెక్కేసినోడొకడు.
ఇంగొకాయప్ప,
"ఉలవలు తినే ముందర సగం నీది,
పెండ్లికొడుకు కూచునే సగం నాది" అని
తన మాటకు తనే నవ్వె.

ఉరుకుందు ఏమీ అడగలే.
ఒక దినం తోలి చూస్తానని పట్టకపోయె.
మాపటికి తెచ్చి కట్టేసి, నీళ్లు పెట్టి,
ఇంటికి పోకుండా గుంజ కాడ్నే నిలబడె.

"మామా, చెప్పకుంటే నీకు తెలిసేది గాదు.
రైలు గేటు కాడ లారీ హారనుకు బెదిరి
కదలకపోతే ఒక దెబ్బ కొట్టినా.
ఎడమ పక్క. చూసుకో."

ఫోను లైటేసి చూస్తి.
వెంట్రుకైనా చెదరలే.
నూరీ వాని చొక్కా జేబు వాసన చూస్తాండాది.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
వానల్లేని ఏడు, పదారు పత్తి బోరాలెక్కించి
ఎమ్మిగనూరు రోడ్డు ఎత్తులో
చెర్నాకోల తిరగేసి కొట్టింది
ఎవురికి చెప్పినా నేను?
కట్టుకున్నదానికి గూడ,
ఈగలు కుట్టినాయంటి.

తెల్లారకముందే నూరీని నడిపించుకోని
కుంటుకుంటా వాని వాకిట్లో నిలబడితి.
కాగితం లేదు, సాక్షి లేదు.
దినం మార్చి దినం అనుకుంటిమి.
కళ్లెం వాని చేతికిచ్చి,
"కుడిపక్క గూడ చూడు ఉరుకుందూ,
వెంట్రుకలు మొలవని చోటు.
అది నా పాలు" అంటి.